మంద నడిచిన దారుల్లో సైకిల్

మాడ్రిడ్ నడిబొడ్డున ఏటా అక్టోబరు ప్రాంతంలో ఒక ఆదివారం ట్రాఫిక్ ఆగిపోతుంది. వెయ్యికి పైగా మెరీనో గొర్రెలు మెడగంటలు మోగించుకుంటూ బస్సుల దారిలో నడిచిపోతాయి. నగరపాలక భవనం ముందు ఆగి, కాపరుల పెద్ద పాతకాలపు నాణేలు యాభై లెక్కపెట్టి దారి సుంకంగా చెల్లిస్తాడు. వెయ్యి గొర్రెలకు యాభై మరవేదీలు అన్న ఈ లెక్క 1418 నాటి ఒప్పందంలోది. 1994లో తిరిగి మొదలైన ఈ వేడుకను చూడవచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుంటారు. కాపరులు మాత్రం ఒక హక్కును గుర్తు చేయడానికి వస్తారు. ఈ దారి ముందు మందలది, నగరం తరవాత పెరిగింది.

ఆ హక్కు ఉత్త సంబరం కాదు. 1273లో పదో అల్ఫోన్సో రాజు గొర్రెల యజమానుల సంఘమైన మెస్తాకు అధికారాలు రాసిచ్చాడు. చలికాలం దక్షిణాన ఎక్స్‌త్రెమదూరా బీళ్లలో, ఎండాకాలం ఉత్తరాన లియోన్, సోరియా కొండల్లో మేపడానికి మందలు వందల కిలోమీటర్లు నడిచేవి. వాటి కోసం విడిచిన పెద్ద దారులను కన్యాదా రెయాల్ అంటారు. వెడల్పు 75 మీటర్లు. చిన్నా పెద్దా కలిపి మంద దారుల పొడవు సుమారు లక్షా పాతిక వేల కిలోమీటర్లు. మెస్తా 1836లో రద్దయింది, ఉన్ని వ్యాపారం చితికింది, తరవాత మందలు రైళ్లూ లారీలూ ఎక్కాయి. దారులు మాత్రం ప్రజల ఆస్తిగా మిగిలాయి. వాటిని అమ్మకూడదు, ఆక్రమించకూడదు అని 1995 నాటి చట్టం గట్టిగా చెబుతుంది. పశువులకు అడ్డు రానంతవరకు నడిచేవాళ్లు, గుర్రమెక్కినవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు కూడా వాటిని వాడుకోవచ్చని అదే చట్టం అంటుంది.

మోటారు బండ్ల బెడద లేకుండా సైకిల్ తొక్కాలని స్పెయిన్ వెళ్లేవాళ్లకు మొదటి పాఠం ఇక్కడే ఉంది. అక్కడి ఖాళీ దారుల్లో చాలావరకు సైకిళ్ల కోసం వేసినవి కావు. ఎవరో వాడుకుని వదిలి వెళ్లినవి. కొన్ని మందలు వదిలినవి, కొన్ని రైళ్లు వదిలినవి, కొన్ని పడవలు వదిలినవి. మరికొన్ని, పొలాలు విడిచి పట్నాలకు పోయిన మనుషులు వదిలినవి. ఏ దారిని ఎవరు వదిలారో తెలిస్తే ఎక్కుడు ఎంత ఉంటుందో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, టైరు ఎంత లావు ఉండాలో, రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలో సగం తేలిపోతుంది. సైకిల్ కొనడం, సామాను సర్దడం ఆ తరవాతి పనులు. చాలామంది ఈ వరస తిరగేసి ముందు సైకిల్ కొంటారు, ఆపైన దానికి తగ్గ దారి కోసం వెతుకుతారు.

ఈ అధ్యాయం పందేలకు వెళ్లేవాళ్ల కోసం కాదు. చిన్నప్పుడు ఊరంతా సైకిల్ మీద తిరిగి, ఉద్యోగంలో చేరాక లారీల మధ్య తొక్కే ధైర్యం చాలక మానేసి, ఎప్పటికైనా నాలుగు రోజులు హాయిగా తొక్కాలన్న కోరిక మాత్రం చంపుకోలేనివాళ్ల కోసం. వెనకనుంచి ఏ బండీ రాదన్న నమ్మకం కుదిరాక మనిషి తొక్కే తీరే మారిపోతుంది. మొదటి గంట అలవాటు కొద్దీ భుజం మీదుగా వెనక్కి చూస్తూనే ఉంటారు, హ్యాండిల్‌ను బిగబట్టి పట్టుకుంటారు. కాసేపటికి వేళ్లు సడలుతాయి. ఇద్దరు పక్కపక్కన తొక్కుతూ కబుర్లలో పడతారు. అంతవరకు తారు మీద, అద్దాల మీద, హారన్ల మీద ఖర్చయిన ధ్యాస చుట్టూ ఉన్న పొలాల మీదికి మళ్లుతుంది. ఏళ్ల తరబడి తొక్కనివాళ్లు కూడా రెండు రోజుల్లో తమ మీద తాము నమ్మకం తెచ్చుకునేది ఇందుకే. కాళ్ల బలం తరవాత వస్తుంది, ముందు భయం వదలాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు రైలు వదిలిన దారి సరైనది. మూతపడిన రైలు మార్గాల పట్టాలు పీకేసి, ఆ కట్టలను నడకకూ సైకిళ్లకూ అప్పగించే పథకం స్పెయిన్‌లో 1993లో మొదలైంది. వీటిని వియా వెర్దె, అంటే పచ్చదారి, అంటారు. ఇప్పుడు ఇవి మూడు వేల కిలోమీటర్లు దాటాయి. పొలాలకు వెళ్లే రైతుల బండ్లు దాటే చోట్లు తప్ప మోటారు బండ్లకు వీటిలో చోటు లేదు. ఇంకో గొప్ప మేలు ఉంది. పాత రైలింజను నిలువెత్తు కొండ ఎక్కలేదు కాబట్టి ఇంజనీర్లు కొండను చుట్టో, తొలిచో దారి వేశారు. వాలు నూటికి రెండు మూడు మీటర్లు మించడం అరుదు. రైలు ఎక్కగలిగిన ఎక్కుడును ఓపికగా తొక్కే మనిషి ఎవరైనా ఎక్కగలరు.

అండలూసియాలో కాదిస్, సెవియ్యా జిల్లాల మధ్య వియా వెర్దె దె లా సియెర్రా అనే దారి ఉంది. పుయెర్తో సెర్రానో ఊరి నుంచి ఒల్వేరా వరకు 36 కి.మీ. దీని కథే వేరు. 1920లలో, ప్రిమో దె రివేరా నియంతగా ఉన్న రోజుల్లో, హెరెస్ నుంచి అల్మార్హెన్‌కు రైలు వేయాలని సొరంగాలు తవ్వారు, వంతెనలు కట్టారు, స్టేషన్లు కూడా లేపారు. తరవాత పనులు ఆగిపోయాయి. ఒక్క రైలు కూడా నడవలేదు. కట్టిన కట్టడాలన్నీ దశాబ్దాల పాటు ముళ్లపొదల్లో పడి ఉన్నాయి. ఇప్పుడు ఆ స్టేషన్లలో కొన్ని సత్రాలయ్యాయి.

ఈ దారిలో సొరంగాలు ముప్పై. మిట్టమధ్యాహ్నం ఎండలో మొరం మీద తొక్కుకుంటూ వచ్చి సొరంగం నోట్లోకి దూరగానే ఒంటి మీది చెమట చల్లబడుతుంది. కళ్లు చీకటికి అలవాటు పడేలోగా పది పదిహేను మీటర్లు గుడ్డిగానే గడుస్తాయి. పొడవైన సొరంగాల్లో మనిషి రాకను పసిగట్టి వెలిగే దీపాలు పెట్టారు కానీ వాటినే నమ్ముకోకూడదు. వాటిలో పెద్దది కిలోమీటరుకు దగ్గర ఉంటుంది, దీపం వెలగకపోతే నడుమ ఏమీ కనిపించదు. ముందు ఒకటి, వెనక ఒకటి సొంత లైటు తప్పనిసరి. నల్లద్దాలు సొరంగం బయటే తీసేయాలి, వేగం తగ్గించాలి, ఎదురొచ్చేవాళ్లకు వినపడేలా గంట కొట్టాలి. సొరంగం దాటాక సఫ్రమగోన్ అనే రాతి శిఖరం కనిపిస్తుంది. దక్షిణ స్పెయిన్‌లో రాబందులు పెద్ద సంఖ్యలో గూళ్లు కట్టే చోట్లలో అదొకటి. ఆ పక్కనే ఉన్న పాత స్టేషన్‌లో గూళ్లను కెమెరా ద్వారా చూపించే కేంద్రం నడుస్తోంది. తలెత్తితే రెండున్నర మీటర్ల రెక్కలు చాచి గాలిలో తేలుతున్న పక్షులు కనిపిస్తాయి. అక్కడ గంటసేపు ఆగని ప్రయాణం దండగ.

ఇదే తరహాలో హాయెన్ జిల్లా నుంచి కార్దోబా వైపు వెళ్లే ఆలివ్ నూనె దారి ఉంది. ఒకప్పుడు నూనె పీపాలను మోసిన రైలు మార్గమది. పక్క జిల్లాలోని కొనసాగింపుతో కలిపి సుమారు 128 కి.మీ. హాయెన్ ఒక్క జిల్లాలోనే ఆలివ్ చెట్లు ఆరు కోట్లకు పైగా ఉన్నాయి. దారి పొడవునా రెండు వైపులా వరసలు తీరిన ఆ తోటలే. 19వ శతాబ్ది చివరి ఇనుప వంతెనల మీదుగా సైకిల్ వెళుతుంటే కింద లోయ కనబడుతుంది. అయితే నీడ తక్కువ. మే నెలాఖరు తరవాత ఆ దారి జోలికి పోకపోవడం మంచిది.

పడవలు వదిలిన దారి ఇంకా సులువు. కాస్తిల్యా ప్రాంతపు గోధుమలను ఉత్తర తీరంలోని సంతాందేర్ రేవు వైపు చేర్చాలని 1753లో ఒక కాలువ మొదలుపెట్టారు. 1849 నాటికి 207 కి.మీ. తవ్వారు. అంతలో రైలు వచ్చేసింది, కాలువ వ్యాపారం కుంగిపోయింది. పడవలను గట్టు మీద నడిచే కంచరగాడిదలు తాళ్లతో లాగేవి. ఆ గట్లే ఇప్పుడు సైకిల్ బాట. అలార్ దెల్ రెయ్ దగ్గర మొదలై, ఒక కొమ్మ మెదీనా దె రియోసెకోకు, ఇంకో కొమ్మ వయ్యదొలీద్‌కు చీలుతుంది. ఎక్కుడు దాదాపు లేనట్టే. ఫ్రోమిస్తా దగ్గర నాలుగు లాకులు మెట్లలా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. శాంతియాగో యాత్రికుల కాలిబాట కూడా సరిగ్గా ఆ చోటే కాలువను దాటుతుంది కాబట్టి తిండికీ పడకకూ కొదవ ఉండదు. ఇక్కడ ఎదురయ్యే కష్టమల్లా గాలి. ఆపడానికి కొండ గానీ చెట్టు గానీ లేని మైదానం కాబట్టి ఎదురుగాలి పడితే సమతలమే ఎక్కుడై కూర్చుంటుంది. ముందురోజు రాత్రి గాలి దిశ చూసుకుని ఏ చివరి నుంచి మొదలుపెట్టాలో నిర్ణయించుకోవాలి.

మంద దారులు వీటికి పూర్తిగా భిన్నం. గొర్రెకు గడ్డి కావాలి, నీళ్లు కావాలి. నున్నటి నేలతో, సమంగా ఉండే వాలుతో దానికి పనిలేదు. కాబట్టి కన్యాదాలు కొండ నెత్తిన నిటారుగా ఎక్కుతాయి, వాగులో దిగుతాయి, ఒక్కోచోట గడ్డిలో కలిసిపోయి ఆనవాలు కూడా మిగలవు. పక్క రైతులు కొంత దున్నేసుకున్న చోట్లూ ఉన్నాయి. స్పెయిన్ జాతీయ భౌగోళిక సంస్థ 1:25,000 కొలతలో ఉచితంగా ఇచ్చే పటాల్లో చాలా కన్యాదాల పేర్లు అచ్చై కనిపిస్తాయి. 2006లో జిరోనాలో పుట్టిన వికీలోక్ యాప్‌లో ఇతరులు తొక్కిన దారులు దొరుకుతాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, ఉపగ్రహ చిత్రంలో దారి నిజంగా ఉందో లేదో చూసుకున్నాకే బయల్దేరాలి. గేటు మూసి ఉంటే తెరిచి, దాటి, మళ్లీ మూయాలి. తెరిచి ఉంటే తెరిచే వదలాలి. ఆ దేశపు పల్లెల్లో ఈ ఒక్క మర్యాద పాటించనివాళ్లను ఎవరూ క్షమించరు.

కుక్కల సంగతి విడిగా చెప్పాలి. తోడేళ్లున్న ప్రాంతాల్లో మందకు కాపలాగా మస్తీన్ జాతి కుక్కలను పెడతారు. నడుమెత్తు ఉంటాయి, గొంతు బొంగురు, మందతోనే పుట్టి మందతోనే పెరుగుతాయి. వాటి పని దొంగను పట్టడం కాదు, మందకూ కొత్తవాళ్లకూ మధ్య నిలబడడం. వేగంగా దూసుకొచ్చే సైకిల్ వాటి కళ్లకు వేటాడే జంతువే. అందుకే దూరంగా గంటల చప్పుడు వినగానే దిగిపోవాలి. సైకిల్‌ను తమకూ కుక్కకూ నడుమ అడ్డంగా ఉంచుకుని, దాని కళ్లలోకి చూడకుండా, మెల్లగా మాట్లాడుతూ, మందకు ఎడంగా చుట్టు తిరిగి నడవాలి. పరిగెత్తకూడదు, రాయి ఎత్తకూడదు. మనిషి గొంతు విన్న కుక్క చాలాసార్లు ఆగి, కొంత దూరం సాగనంపి, వెనక్కి వెళ్లిపోతుంది. కాపరి కనిపిస్తే ముందు అతన్నే పలకరించాలి.

కంచెల మీద నలుపు తెలుపు ఐమూలగా చీలిన చిన్న రేకులు కనిపిస్తాయి. వాటిని చూసి ప్రవేశం నిషేధమని చాలామంది విదేశీయులు భయపడతారు. అది వేట హక్కులున్న ప్రాంతమని చెప్పే గుర్తు మాత్రమే, ప్రజల దారిని అది మూయదు. కానీ చలికాలంలో, ముఖ్యంగా ఆదివారాలు, బాతీదా అని రాసిన బోర్డు దారి మొదట్లో నిలబెట్టి ఉంటే అక్కడినుంచే వెనక్కి తిరగాలి. అడవిపందులను చుట్టుముట్టి కాల్చే వేట జరుగుతోందని దాని అర్థం.

ఇక నాలుగో రకం, మనుషులు వదిలినవి. 1952 చట్టంతో చెదురుమదురు కమతాలను ఏకం చేసినప్పుడు కాస్తిల్యా మైదానాల్లో ట్రాక్టర్ల కోసం వెడల్పాటి మొరం దారులు పరిచారు. తరవాత ఆ పల్లెల జనమే పట్నాలకు తరలిపోయారు. తెరుయెల్ జిల్లాలో నేడు చదరపు కిలోమీటరుకు తొమ్మిది మంది ఉన్నారు. స్పెయిన్ సగటు 95 చిల్లర. మోలీనా దె అరగోన్ చుట్టుపక్కల పల్లెల్లో అది రెండుకు పడిపోతుంది. తమ జిల్లా కూడా దేశంలో ఉందని గుర్తు చేయడానికి తెరుయెల్ వాళ్లు 1999లో 'తెరుయెల్ ఉంది' అన్న పేరుతోనే ఉద్యమం పెట్టారు. 2019లో పార్లమెంటుకు ఒక సభ్యుణ్ని పంపారు.

ఎర్నెస్తో పాస్తోర్ అనే సైకిలిస్టు ఈ కొండల్లో మోంతాన్యాస్ బసియాస్, అంటే ఖాళీ కొండలు, అన్న పేరుతో దాదాపు 700 కి.మీ. మార్గం గీశాడు. తెరుయెల్‌లో మొదలై తిరిగి తెరుయెల్‌కే చేరుతుంది. తాహో నది పుట్టే అడవుల మీదుగా, ఎర్రమట్టి గోడల అల్బర్రాసిన్ పక్కగా వెళుతుంది. గంటల తరబడి ఒక్క కారు కనబడని చోట్లు అందులో బోలెడు. కొత్తవాళ్ల కళ్లకు ఇదే అన్నిటికన్నా ఆకర్షణగా కనిపిస్తుంది. నిజానికి అన్నిటికన్నా చివర తొక్కాల్సింది ఇదే. కారు రాదంటే సాయమూ రాదనే లెక్క. ఫోన్ సిగ్నల్ లేని లోయలుంటాయి. అత్యవసర నంబరు 112 ఉన్నా, సాయం వచ్చి చేరడానికి గంటలు పట్టవచ్చు. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఆ రోజు దారి, చేరే ఊరు, చేరే వేళ ఎవరికో ఒకరికి చెప్పి బయల్దేరాలి.

ఇలాంటి చోట రోజును కిలోమీటర్లతో కాకుండా నీళ్లతో కొలవాలి. పటం మీద ముందు నీటి ఊటలను గుర్తించాలి, తరవాత అంగళ్లను, ఆఖర్న పడకను. పల్లెల నడుమ ఉండే రాతి కుళాయిల మీద 'అగ్వా పొతాబ్లె' అని ఉంటే తాగవచ్చు. 'నో పొతాబ్లె' అని ఉంటే తాగకూడదు. 'సిన్ త్రతార్' అంటే శుద్ధి చేయని నీరు, వడపోత గొట్టం ఉంటేనే ముట్టుకోవాలి. రెండు ఊటల మధ్య ఎండలో నాలుగు గంటలు పడితే మనిషికి మూడు లీటర్లు వెంట ఉండాల్సిందే. అంగళ్లు మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా మూసేస్తారు, ఆదివారం అసలు తెరవరు. చాలా పల్లెల్లో అంగడే లేదు. చేపల బండిలా వారానికి ఒకటి రెండుసార్లు రొట్టెల వ్యాను వచ్చి హారన్ కొడుతుంది.

ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క బార్ అక్కడి ప్రాణవాయువు. కాఫీ, రొట్టె, కబురు, రాత్రి పడుకోవడానికి ఎవరింట గది ఉందన్న సమాచారం, అన్నీ అక్కడే. ఖాళీ దారుల సుఖం అనుభవించేవాళ్లు తమ డబ్బు ఆ బార్‌లో, ఆ సత్రంలో ఖర్చు పెట్టాలి. నగరంలో కొన్న చాక్లెట్లతో నాలుగు రోజులు గడిపేసి, ఊరివాళ్లకు నమస్కారం కూడా చెప్పకుండా దాటిపోవడం సరికాదు. ఈ దారులు ఖాళీ కావడానికి మూల్యం చెల్లించింది ఆ పల్లెలే. పదిహేను యూరోలు అటూ ఇటూగా దొరికే మధ్యాహ్నపు భోజనం కడుపు నింపుతుంది, దానితో వైన్ కూడా ఇస్తారు. మద్యం తాగి తొక్కితే కార్ల వాళ్లకు లాగే సైకిలిస్టులకూ జరిమానా పడుతుందని గుర్తుంచుకోవాలి.

శాకాహారులకు చిన్న హెచ్చరిక. 'సిన్ కార్నె', మాంసం వద్దు, అంటే సరిపోదు. శనగల కూరలో, పప్పులో వేసే పంది తొడ ముక్కలను అక్కడ చాలామంది మాంసం కింద లెక్కపెట్టరు. 'సిన్ హమోన్' అని కూడా చెప్పాలి. గుడ్డు తినేవాళ్లకు బంగాళాదుంపల అట్టు, తోర్తియ్యా, ఎక్కడికి పోయినా దొరుకుతుంది. మాటల్లో ఎక్కడివాళ్లని అడిగితే ఆంధ్ర అనడం కన్నా అనంతపురం అని చెప్పి చూడవచ్చు. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో కన్నుమూసేదాకా అక్కడే పనిచేశారు. ఆయన సంస్థ ద్వారా అనంతపురం పిల్లల చదువుకు డబ్బు పంపే కుటుంబాలు స్పెయిన్ నిండా ఉన్నాయి. ఆ ఊరి పేరు తెలిసినవాళ్లు తగలడం వింతేమీ కాదు.

సైకిల్ సంగతికి వస్తే, పచ్చదారులకూ కాలువ గట్టుకూ 38 నుంచి 40 మిల్లీమీటర్ల టైరు చాలు. మంద దారులకూ ఖాళీ కొండలకూ 45 నుంచి 50 కావాలి. గాలి బిర్రుగా కొట్టించడం మనవాళ్లకు అలవాటు. మొరం మీద అది నడుముకూ మణికట్టుకూ చేటు. డెబ్బై కిలోల మనిషి 45 టైరులో ముప్పై, ముప్పై ఐదు పీఎస్ఐతో తొక్కితే టైరు రాళ్లను మింగుకుంటూ పోతుంది. ట్యూబ్‌లెస్ టైరు, లోపల సీలెంట్ ద్రవం దక్షిణాన తప్పనిసరి, ఎందుకంటే మన చెలకల్లో కాలికి గుచ్చుకునే పల్లేరు కాయ అక్కడా ఉంది. అదే మొక్క, అవే ముళ్లు. పొలం గట్టున ఒక నిమిషం సైకిల్ ఆనించి తీస్తే టైరుకు నాలుగైదు కాయలు అంటుకుని వస్తాయి. సీలెంట్ ఉన్న టైరులో వాటిని పీకి చక్రం తిప్పితే సరి. ట్యూబ్ టైరయితే ఆ పూట అక్కడే గడుస్తుంది. గేర్లలో ముందు పళ్లచక్రం వెనక పెద్దదాని కన్నా చిన్నదిగా ఉంటే సామానుతో కొండ ఎక్కడం మోకాళ్లకు భారం కాదు. ముందు 30 పళ్లు, వెనక 34 మంచి జోడీ. గేరు మార్చే యంత్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం కొక్కెం సైకిల్ పడితే వంగుతుంది. ఒక్కో సైకిల్‌కు ఒక్కో తీరు కొక్కెం, పల్లెలో దొరకదు, అదనంగా ఒకటి ఇంటి నుంచే పట్టుకెళ్లాలి.

కాలం చూసుకుని వెళ్లడం సగం బలం. అండలూసియాకు మార్చి నుంచి మే నడుమ దాకా, మళ్లీ అక్టోబరు. జులైలో అక్కడ నలభై డిగ్రీలు మామూలు. తెరుయెల్ కొండలకు మే నెలాఖరు నుంచి జూన్, సెప్టెంబరు. ఆ జిల్లాలోని కలమోచా ఊళ్లో 1963 డిసెంబరు 17న మైనస్ ముప్పై డిగ్రీలు నమోదైంది, చలికాలం అక్కడ ఆటలాడదు. వాన పడ్డ మర్నాడు కాస్తిల్యా బంకమట్టి దారుల్లోకి దిగకూడదు. పది గజాల్లో మన్ను చక్రానికీ ఫ్రేముకూ మధ్య గడ్డకట్టి చక్రం తిరగదు, బలవంతంగా తొక్కితే గేరు కొక్కెం విరుగుతుంది. ఒక పూట ఎండనివ్వడం, లేదా ఆ రోజుకు తారు రోడ్డు పట్టడం తెలివైన పని. తారు రోడ్డు మీద ఊరి బయట హెల్మెట్ తప్పనిసరి. కార్లు సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలన్న నిబంధనను డ్రైవర్లు చాలావరకు పాటిస్తారు.

స్పెయిన్ మొరం దారుల పేరు వినగానే కొందరికి పందేలు గుర్తొస్తాయి. జిరోనాలో 2019లో మొదలైన ట్రాకాలో 360 కి.మీ. ఒకే విడతలో తొక్కుతారు. గ్రనాదా ఎడారుల్లో జరిగే బ్యాడ్‌ల్యాండ్స్ తొలి పందేన్ని 2020లో లాక్లన్ మోర్టన్ నిద్ర లేకుండా సుమారు నలభై నాలుగు గంటల్లో ముగించాడు. గొప్ప శ్రమే, కాదనలేం. వాటిని చూసి రోజుకు నూటయాభై కిలోమీటర్లు పెట్టుకోవడం మాత్రం కొత్తవాళ్ల ప్రయాణాన్ని చెడగొడుతుంది. పచ్చదారి మీద రోజుకు నలభై ఐదు, కొండల్లో నలభై, కాలువ గట్టున అరవై. అంతకు మించి వేసుకుంటే సాయంత్రం ఊరు చేరేసరికి మాట్లాడే ఓపిక ఉండదు, మర్నాడు పొద్దున సైకిల్ ముట్టుకోవాలనిపించదు.

తయారీ ఇంటి దగ్గరే మొదలవ్వాలి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద ఉన్న 23 కి.మీ. బాట కాళ్లకు ఓపిక నేర్పుతుంది, మొరం మీద తొక్కడం మాత్రం నేర్పదు. అందుకు వికారాబాద్ వైపు మట్టి దారులో, డెల్టాలో కాలువ గట్లో కావాలి. మొరంలో చక్రం జారినప్పుడు బ్రేకు నొక్కకుండా వదిలేయడం, దిగుడులో పిరుదులు సీటుకు వెనక్కి జరపడం, ముందు బ్రేకును రెండు వేళ్లతో మెల్లగా వాడడం, ఈ మూడూ ఒంటికి పట్టాలి. వెళ్లే ముందు రెండు నెలలు వారానికి ఒకసారైనా, చివరి మూడు వారాలు పూర్తి సామానుతో తొక్కాలి. ఖాళీ సైకిల్‌కు అలవాటైన చెయ్యి పది కిలోల బరువుతో మొదటి దిగుడులోనే తడబడుతుంది.

మొదటి ప్రయాణానికి సెవియ్యాలో దిగి, వంద కిలోమీటర్లలోపే ఉన్న పుయెర్తో సెర్రానో చేరడం మేలు. అక్కడ మొదలయ్యే పచ్చదారి రెండు చివరలా సైకిళ్లు అద్దెకిస్తారు కాబట్టి ఇక్కడి నుంచి పెట్టె మోసుకెళ్లే పని లేదు. ఒక రోజు ఒల్వేరా దాకా, ఒక రాత్రి పాత స్టేషన్లో, మర్నాడు అదే దారిలో వెనక్కి. వెళ్లినప్పుడు చూసిన లోయ తిరిగి వచ్చేటప్పుడు వేరే వెలుగులో కనిపిస్తుంది, విసుగనిపించదు. ఇది కుదిరితే రెండోసారి కాస్తిల్యా కాలువ.

మూడోసారికి ఓహోస్ నెగ్రోస్. 1907 నుంచి ఇనప ఖనిజాన్ని తెరుయెల్ కొండల్లోని గనుల నుంచి సగుంతో రేవుకు మోసి, 1972లో మూతపడిన రైలు మార్గమది. ఇప్పుడు సుమారు 160 కి.మీ., స్పెయిన్ పచ్చదారుల్లో అతి పొడవైనవాటిలో ఒకటి. వాలెన్సియా నుంచి తెరుయెల్‌కు మామూలు రైలు నడుస్తుంది. అలాంటి ప్రాంతీయ రైళ్లలో సైకిళ్లకు కొన్ని చోట్లే ఉంటాయి, ముందే రిజర్వు చేయించాలి. హైస్పీడ్ రైళ్లలోనైతే విప్పి సంచిలో పెట్టాలి. తెరుయెల్ తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉంది. మొదటి రోజు ఎస్కందోన్ కనుమకు మూడు వందల మీటర్లు మెల్లగా ఎక్కితే, అక్కడినుంచి చాలావరకు దిగుడే. పైన్ అడవులు, ఆపైన బాదం తోటలు, చివర సగుంతో దగ్గర నారింజ తోటలు వస్తాయి. తెరుయెల్ నుంచి సగుంతో దాకా మూడు రోజులు పెట్టుకుంటే చాలు. సగుంతో నుంచి వాలెన్సియాకు లోకల్ రైలు అరగంట ప్రయాణం, రద్దీ లేని వేళ చూసుకుంటే సైకిల్‌తో సహా ఎక్కవచ్చు.